ఒప్పుకున్న ఎక్స్ఛేంజ్ ధర డెలివరీ దాకా నిలవాలి

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చీఫ్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

ప్రతులు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా కమిషనర్లకు

విషయం: పాత కారుకు బుకింగ్ నాడు ఒప్పుకున్న ధరను డెలివరీ నాడు తగ్గించడం



పాత కారును షోరూమ్‌లో అప్పగించి దాని ధరను కొత్త కారు ధరలోంచి మినహాయించుకోవడాన్ని విజయవాడలోనైనా వరంగల్‌లోనైనా ఎక్స్ఛేంజ్ అనే అంటారు. చూడటానికి ఇది ఒకే బేరం. నిజానికి ఇందులో రెండు అమ్మకాలు ఉన్నాయి. డీలరు కొత్త కారు అమ్ముతాడు, కుటుంబం కొంటుంది. కుటుంబం పాత కారు అమ్ముతుంది, డీలరు కొంటాడు. కొత్త కారు ధర కంపెనీ జాబితాలో అచ్చై ఉంటుంది కాబట్టి దాని మీద తగాదా తక్కువ. పాత కారుకు అలాంటి జాబితా లేదు. చాలా షోరూముల్లో దాని ధర నోటిమాట మీద, మహా అయితే కొటేషన్ కాగితం అంచున పెన్నుతో రాసిన అంకె మీద నడుస్తోంది. లక్షల రూపాయల ఆస్తి చేతులు మారేటప్పుడు ఇంత వదులుగా కాగితాలు ఉండటం ఏ రకంగానూ సమర్థించదగ్గది కాదు.

ధర కట్టే పద్ధతి దాదాపు అన్నిచోట్లా ఒకటే. షోరూమ్ తరఫున ఎవాల్యుయేటర్ వచ్చి బండి చుట్టూ తిరిగి చూస్తాడు. డోర్ల అంచుల్లో రంగు మళ్లీ వేశారా, బానెట్ బోల్టులు విప్పిన ఆనవాళ్లు ఉన్నాయా, టైర్లు ఎంత అరిగాయి, మీటర్ మీద కిలోమీటర్లు సర్వీస్ రికార్డుతో కలుస్తున్నాయా అని పరీక్షిస్తాడు. ఆర్‌సీలో ఎన్నో ఓనరో, బీమా ఎప్పటిదాకా ఉందో, చలానాలు, ఫైనాన్స్ బాకీ ఏమైనా మిగిలాయో రాసుకుంటాడు. ఆ ఫొటోలు, వివరాలు ఫోన్‌లో పాత కార్ల వ్యాపారులకు వెళ్తాయి. వాళ్లు చెప్పిన రేటులోంచి తన మార్జిన్ తీసేసుకుని షోరూమ్ ఒక ధర చెబుతుంది. కొన్ని కంపెనీలకు సొంత పాత కార్ల విభాగాలు ఉన్నాయి. మారుతి ట్రూ వేల్యూ 2001 నుంచీ నడుస్తోంది. అలాంటి విభాగంలో అమ్మకానికి పనికిరాదనుకున్న బండి మాత్రం నేరుగా వ్యాపారి యార్డుకే పోతుంది. అంటే డీలరు చెప్పే ధర వెనక చాలాసార్లు ఇంకొకరి నోటిమాట ఉంటుంది. ఆ వ్యాపారి వెనక్కి తగ్గితే నష్టం డీలరుది కావాలి. దాన్ని అమ్మిన కుటుంబం మీదికి నెట్టే ప్రయత్నమే డెలివరీ నాటి కోత.

ఈ కోతకు చోటిచ్చేది బుకింగ్‌కూ డెలివరీకీ మధ్య ఉండే ఎడం. గిరాకీ ఉన్న మోడల్‌కు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. తెలుగువారి విషయంలో దీనికి పంచాంగం కూడా తోడవుతుంది. ఆషాఢంలో షోరూములు మంచి ఆఫర్లు ప్రకటిస్తాయి. బుకింగ్ అప్పుడు చేసినా, బండి ఇంటికి తెచ్చుకోవడానికి చాలా కుటుంబాలు శ్రావణం దాకా ఆగుతాయి. మూఢం వచ్చిందంటే మరికొన్నాళ్లు. దసరాకు తీసుకోవాలనుకుంటే వినాయక చవితికి ముందే బుక్ చేస్తారు. ఈలోగా పాత బండి ఇంట్లోనే తిరుగుతూ ఉంటుంది. బుకింగ్ నాడు చెప్పిన ధర ఎన్నాళ్లు చెల్లుతుందో అడిగేవాళ్లు తక్కువ, తమంతట తాము చెప్పే సేల్స్ కన్సల్టెంట్లు ఇంకా తక్కువ. తీరా డెలివరీ నాడు పాత కారును మళ్లీ చూడాలంటారు. అప్పటికి కొత్త కారుకు లోన్ మంజూరై ఉంటుంది, బీమా కట్టి ఉంటుంది, చాలాసార్లు రిజిస్ట్రేషన్ కూడా పూర్తై ఉంటుంది. అమ్మానాన్నలు, పిల్లలు కొబ్బరికాయ, నిమ్మకాయలు పట్టుకుని షోరూమ్‌కు వచ్చి ఉంటారు. ముహూర్తం దాటిపోతుందన్న ఆందోళనలో ఉన్న మనిషితో పాతిక వేలు తగ్గుతుందని చెబితే అతను బేరం ఆడలేడు, సంతకం పెడతాడు. ఆ సంతకాన్ని తరవాత ఒప్పుకోలుగా చూపిస్తారు. చెడ్డ ధర ఇవ్వడం కంటే దాన్ని ఆ గడియలో చెప్పడమే పెద్ద అన్యాయం. వారం ముందు చెప్పి ఉంటే ఆ కుటుంబం పాత బండిని బయట అమ్ముకునేది.

ఒక ఉదాహరణ లెక్క చూస్తే ఈ కోత బరువు తెలుస్తుంది. కొత్త కారు ఆన్‌రోడ్ ధర 11,40,000 రూపాయలు అనుకుందాం. పాత కారుకు 4,20,000, ఎక్స్ఛేంజ్ బోనస్ 30,000 ఒప్పుకున్నారు. మిగిలేది 6,90,000. బ్యాంకు 6,00,000 లోన్ ఇస్తే చేతినుంచి కట్టాల్సింది 90,000. డెలివరీ నాడు పాత కారు ధర 3,85,000కు దిగితే తగ్గింది 35,000, అంటే పాత కారు ధరలో పన్నెండో వంతు. కానీ కుటుంబం అప్పటికప్పుడు సర్దాల్సిన నగదు 90,000 నుంచి 1,25,000కు పెరిగింది. జీతం మీద బతికే ఇంటికి ఇది చేబదులు తెచ్చుకోవాల్సిన మొత్తం.

ఈ లెక్కలోని ఎక్స్ఛేంజ్ బోనస్ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అది పాత కారు విలువలో భాగం కాదు. పాత బండి ఇచ్చి కొత్తది కొనేవారికి తయారీ కంపెనీ, కొన్నిసార్లు కొంత వాటాతో డీలరు, ఇచ్చే తగ్గింపు. దీనికి షరతులు వేరు. పాత ఆర్‌సీ, కొత్త కారు ఒకే పేరున గానీ దగ్గరి కుటుంబ సభ్యుల పేరున గానీ ఉండాలని సాధారణంగా అడుగుతారు. బోనస్‌నూ కారు ధరనూ కలిపి 'ఎక్స్ఛేంజ్ బెనిఫిట్ నాలుగున్నర లక్షలు' అని చెబితే, కారు అసలు ధర ఎంతో కుటుంబానికి తెలియదు. ఆ తరవాత కోత దేంట్లో పడిందో కూడా తెలియదు. దీనికి తోడు, ఎక్స్ఛేంజ్ లేకుండా కొనేవారికి ఇచ్చే నగదు డిస్కౌంటును ఎక్స్ఛేంజ్ కస్టమర్‌కు మెల్లగా తీసేయడమూ ఉంది. పాత కారుకు ముప్పై వేలు ఎక్కువ ఇచ్చినట్టే ఇచ్చి కొత్త కారు మీద నలభై వేలు తగ్గింపు ఆపేస్తే పదివేలు పోయింది కస్టమర్‌కే. అందుకే చూడాల్సిన అసలు అంకె పాత కారు ఇచ్చి కడితే ఎంత, ఇవ్వకుండా కడితే ఎంత అన్న తేడా. ఈ తేడాను కాగితం మీద రాసిచ్చే షోరూములు అరుదు.

డీలర్ల వైపు న్యాయమైన కారణాలు లేకపోలేదు. బుకింగ్ తరవాత బండి గుద్దుకుని ఉండవచ్చు. కొత్త టైర్లు చూపించి ధర కట్టించుకుని అరిగినవి వేసి తెచ్చేవారూ ఉన్నారు. వరదనీటిలో మునిగిన సంగతి దాచినా, మీటర్ వెనక్కి తిప్పినా డీలరు ధర తగ్గించడంలో, ఒప్పందమే రద్దు చేయడంలో తప్పు లేదు. బీమా గడువు తీరితే, కొత్త చలానాలు పడితే ఆ మేరకు తగ్గించుకోవచ్చు. ఇవన్నీ చూపించగలిగిన కారణాలు, లెక్క కట్టగలిగిన కారణాలు. 'మార్కెట్ పడిపోయింది' అన్నది ఈ జాబితాలోకి రాదు. ధర ఖాయం చేసుకోవడం అంటేనే ఆ తరవాతి హెచ్చుతగ్గుల్ని కొనేవాడు భరిస్తానని అర్థం. మార్కెట్ పెరిగితే ఆ పెరుగుదలను పాత ఓనరుకు ఇస్తామనే షరతు బుకింగ్ ఫారాల్లో దొరకడం కష్టం. ఒకవైపే తిరిగే షరతును షరతుగా గౌరవించనక్కర్లేదు.

2025 సెప్టెంబరు ఈ విషయానికి పెద్ద పరీక్ష పెట్టింది. ఆ నెల 3న సమావేశమైన జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయంతో 22వ తేదీ నుంచి చిన్న కార్ల మీద పన్ను 28 శాతం, దానిపై సెస్సు ఉన్నచోట 18 శాతానికి దిగింది. నాలుగు మీటర్ల లోపు పొడవుతో, 1200 సీసీ దాటని పెట్రోలు కార్లకూ 1500 సీసీ దాటని డీజిల్ కార్లకూ ఇది వర్తించింది. కొత్త కారు ధర తగ్గితే అదే మోడల్ పాత కారు విలువా తగ్గుతుంది, అది సహజం. ఆగస్టులో ధర ఒప్పుకుని అక్టోబరులో బండి తీసుకున్న కుటుంబాలకు, వాళ్ల డీలర్లకు మధ్య చిక్కు ఇక్కడే. కొత్త కారు మీద తగ్గిన పన్ను ప్రభుత్వం కొనేవారికి ఇచ్చిన మేలు, దాన్ని పాత కారు ధర కోసి తిరిగి లాక్కోవడానికి వీల్లేదు. అయితే ఇంత పెద్ద పన్ను మార్పు భారం మొత్తం డీలరే మోయాలా అన్న ప్రశ్నను కొట్టిపారేయలేం. పన్ను రేటు మారితే ధర మళ్లీ మాట్లాడుకుంటామని, కుదరకపోతే బుకింగ్ సొమ్ము పూర్తిగా తిరిగి ఇస్తామని ముందే రాసుకుంటే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. రాసుకోని చోట ఒప్పుకున్న ధరే ధర.

పాత కార్ల మీద జీఎస్టీ పేరు చెప్పి కోసే కోత ఇంకొకటి. 2024 డిసెంబరులో కౌన్సిల్ పాత వాహనాల అమ్మకం మీద పన్నును 18 శాతం చేసింది, 2025 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఈ పన్ను పడేది రిజిస్టర్డ్ వ్యాపారి మార్జిన్ మీద, అంటే కొన్న ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడా మీద. సొంత కారు అమ్ముకునే గృహస్థుకు దీంతో సంబంధం లేదు. కనుక 'మీ బండికి 18 శాతం జీఎస్టీ పోతుంది' అని చెప్పి ధర తగ్గించడం అబద్ధం. ఈ నియమం వల్ల ఒక మేలూ ఉంది. మార్జిన్ లెక్క చూపాలంటే డీలరు పాత కారును ఎంతకు కొన్నాడో తన పుస్తకాల్లో రాసి తీరాలి. ఎలాగూ రాసుకునే ఆ అంకె తాలూకు కాగితం కస్టమర్‌కు కూడా ఇవ్వడానికి డీలరుకు కొత్తగా అయ్యే ఖర్చేమీ లేదు.

చట్టం ఈ విషయంలో చాలావరకు స్పష్టంగానే ఉంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 62వ సెక్షన్ ప్రకారం ఉన్న ఒప్పందం స్థానంలో కొత్తది రావాలన్నా, పాతదాన్ని మార్చాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి. వస్తువుల అమ్మకం చట్టం, 1930లోని 10వ సెక్షన్ మూడో వ్యక్తి ధర కట్టే ఒప్పందాల గురించి చెబుతుంది. అతను ధర కట్టకపోతే ఒప్పందం రద్దవుతుంది. షోరూమ్ ఎవాల్యుయేటర్ మూడో వ్యక్తి కాడు, డీలరు మనిషే. కాబట్టి ఆయన చెప్పిన ధర డీలరు చెప్పిన ధరే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇంకా దగ్గరగా వచ్చింది. ఇరుపక్షాలూ ఒప్పుకున్న ధర కంటే ఎక్కువ వసూలు చేయడాన్ని ఆ చట్టం 2(6) సెక్షన్‌లోనే ఫిర్యాదు చేయదగిన అంశంగా చేర్చింది. పాత కారు కొత్త కారు మూల్యంలో ఒక భాగం. ఆ భాగాన్ని ఏకపక్షంగా కుదిస్తే కొత్త కారుకు ఒప్పుకున్నదానికంటే ఎక్కువ తీసుకున్నట్టే. ఇంటికి వచ్చి బండి చూస్తామంటూ యాప్‌లో పెద్ద ధర చూపించి, తీరా వచ్చాక తగ్గించే కంపెనీలకు 2023 నవంబరు నాటి డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు కూడా అడ్డొస్తాయి. అందులో పేర్కొన్న 13 మోసపు పోకడల్లో, ఒకటి చూపించి మరొకటి అంటగట్టడం ఉంది.

ఫిర్యాదు దారి కష్టమైనది కాదు. ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న వస్తువుకు చెల్లించిన మూల్యం 50 లక్షల లోపైతే జిల్లాలోనే వేయవచ్చు. పది లక్షలకు పైబడి ఇరవై లక్షల వరకు ఉంటే రుసుము 400 రూపాయలు, ఐదు లక్షల లోపైతే రుసుమే లేదు. షోరూమ్ హైదరాబాద్‌లో ఉన్నా కొన్నవారు ఖమ్మంలో ఉంటే ఖమ్మంలోనే వేసుకునే వీలు 2019 చట్టం కల్పించింది. ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే పంపవచ్చు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు గడువు. నిరూపణకు అన్నిటికంటే పనికొచ్చేవి సేల్స్ కన్సల్టెంట్‌తో నడిచిన వాట్సాప్ సందేశాలు, మొదటిసారి చూసిన నాడు తీసిన బండి ఫొటోలు, ఆనాటి మీటర్ రీడింగ్. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేస్తే ఎలక్ట్రానిక్ రికార్డు సాక్ష్యంగా చెల్లుతుంది. డెలివరీ నాడు తప్పనిసరై సంతకం పెట్టాల్సి వస్తే, 'అభ్యంతరంతో' అన్న మాట, పాత ధర, కొత్త ధర రాసి సంతకం పెట్టడం మంచిది.

ఇంత ఉన్నా ఫిర్యాదులు రావు. ముప్పై వేల కోసం వాయిదాలకు తిరగలేక కుటుంబాలు వదిలేస్తాయి. ఒక్కొక్కరికీ చిన్నదిగా, అందరికీ కలిపి పెద్దదిగా జరిగే ఇలాంటి నష్టం కోసమే వినియోగదారుల్ని ఒక వర్గంగా చూసి జోక్యం చేసుకునే ప్రాధికార సంస్థను 2019 చట్టం ఏర్పాటు చేసింది. అన్యాయ వాణిజ్య పద్ధతులను ఆపడానికి మార్గదర్శకాలు జారీ చేసే అధికారం 18వ సెక్షన్ కింద, విచారణ తరవాత ఆ పద్ధతిని మానిపించే అధికారం 20వ సెక్షన్ కింద దానికి ఉన్నాయి. రెస్టారెంట్ల సర్వీస్ చార్జీ మీద 2022 జులైలో, కోచింగ్ సెంటర్ల ప్రకటనల మీద 2024 నవంబరులో ఆ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వీస్ చార్జీ మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది కూడా. హోటల్ బిల్లులో వందల రూపాయల కోసం కదిలిన సంస్థ, కారు లెక్కలో వేల, లక్షల రూపాయల కోసం కదలడం సబబు.

వివాదం ధరతో ఆగదు, బండి అప్పగించాకా ఉంటుంది. యాజమాన్యం బదిలీకి వాడే 29, 30 ఫారాల మీద ఖాళీగా సంతకం చేయించుకుని బండిని చేతులు మార్చడం పాత అలవాటు. ఆర్‌సీ మాత్రం నెలల తరబడి మొదటి ఓనరు పేరునే ఉండిపోతుంది. చలానాలు ఆయన ఫోన్‌కే వస్తాయి. ప్రమాదం జరిగితే పరిస్థితి ఇంకా తీవ్రం. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు, రికార్డుల్లో ఎవరి పేరున రిజిస్ట్రేషన్ ఉందో ఆయనే ఓనరు అని, బండి ఎన్ని చేతులు మారినా పరిహారం బాధ్యత ఆయనదేనని తేల్చింది. దీనికి విరుగుడుగా కేంద్ర రవాణా శాఖ 2022 డిసెంబరులో మోటారు వాహనాల నిబంధనలను సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు గుర్తింపు పత్రం తప్పనిసరి చేసింది. ఓనరూ గుర్తింపు పొందిన డీలరూ సంతకం చేసిన 29సీ ఫారం రవాణా శాఖ పోర్టల్‌లో చేరిన నాటి నుంచి బండికి డీలరే ఓనరుగా లెక్క. ఎక్స్ఛేంజ్‌లో బండి ఇచ్చే ప్రతివారికీ ఇది రక్షణ కవచం. షోరూమ్ అడగకపోయినా కుటుంబం అడగాలి. అలాగే బీమాలోని నో క్లెయిమ్ బోనస్ బండికి కాదు, మనిషికి చెందింది. పాత బండి ఇచ్చేటప్పుడు ఆ బోనస్ సర్టిఫికెట్ తీసుకుంటే కొత్త బండి ప్రీమియంలో సొంత నష్టం భాగం మీద యాభై శాతం దాకా తగ్గవచ్చు.

కావలసిన మార్గదర్శకాలు పొడుగైనవేం కావు. బుకింగ్ నాడే పాత కారుకు విడిగా ఒక పత్రం ఇవ్వాలి, ఇంగ్లిష్‌తో పాటు కొనేవారి భాషలోనూ ఉండాలి. అందులో రిజిస్ట్రేషన్ నంబరు, మీటర్ రీడింగ్, బండి స్థితి ఫొటోలతో సహా ఉండాలి. కారు ధర ఒక వరుసలో, ఎక్స్ఛేంజ్ బోనస్ ఇంకో వరుసలో, నగదు డిస్కౌంట్ మరో వరుసలో, ఎక్స్ఛేంజ్ లేకుండా కొంటే ఎంతో చివరి వరుసలో రాయాలి. ధర గడువు తేదీ కొత్త కారు ఇస్తామన్న తేదీ కంటే ముందు ఉండకూడదు, డెలివరీ ఆలస్యం షోరూమ్‌దైతే గడువూ అంతే పొడుగవ్వాలి. డెలివరీ దాకా ఎన్ని కిలోమీటర్లు తిరగవచ్చో, మించితే కిలోమీటరుకు ఎంత తగ్గిస్తారో ముందే రాయాలి. ఆపైన ఏ కోతకైనా కారణం, లెక్క, ఫొటో చూపాలి, ఆ సంగతి డెలివరీకి కనీసం మూడు రోజుల ముందు చెప్పాలి. కోత నచ్చని కుటుంబానికి రెండు దారులు తెరిచి ఉండాలి: పాత బండి తనే ఉంచుకుని, ఎక్స్ఛేంజ్ లేనివారికి ఇచ్చే డిస్కౌంటుతో కొత్తది తీసుకోవడం, లేదా బుకింగ్ సొమ్ము మొత్తం వెనక్కి తీసుకోవడం.

అమలుకు కొత్త యంత్రాంగం అక్కర్లేదు. 2019 చట్టం 16వ సెక్షన్ జిల్లా కలెక్టరుకు ఇలాంటి ఫిర్యాదుల మీద విచారించి ప్రాధికార సంస్థకు నివేదిక పంపే అధికారం ఇచ్చింది. షోరూములు ట్రేడ్ సర్టిఫికెట్ కోసం రవాణా శాఖ దగ్గరికి రాక తప్పదు. ఎక్స్ఛేంజ్‌లో బండ్లు తీసుకునే ప్రతి షోరూముకూ పాత వాహనాల డీలరు గుర్తింపు ఉందా, తీసుకున్న బండ్లకు 29సీ ఫారాలు చేరుతున్నాయా అన్నది రెండు రాష్ట్రాల రవాణా కమిషనర్లు సర్టిఫికెట్ రెన్యువల్ సమయంలో చూడవచ్చు. గుర్తింపు పొందిన డీలర్ల జాబితాను జిల్లాలవారీగా తెలుగులో ప్రకటిస్తే, బుకింగ్‌కు వెళ్లే ముందే కుటుంబాలు దాన్ని చూసుకుంటాయి.